రోగిని చూడకుండా రాసిన మందుచీటీ



2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. ఆ తేదీకి ముందూ వెనుకా ఎన్నో ఇళ్లలో పాత కంప్యూటర్లు అటకెక్కాయి, కొత్తవి బల్లమీదికి వచ్చాయి. మా ఇంట్లోనూ అదే జరిగింది. దుకాణం నుంచి వచ్చిన అబ్బాయి తీగలు కలిపి, ఆన్ చేసి చూపించి, "సార్, అన్నీ డిఫాల్టుగా ఉన్నాయి. మీరేమీ ముట్టుకోకండి, ముట్టుకుంటే చెడిపోతుంది" అని హితవు చెప్పి వెళ్లిపోయాడు. నేనూ బుద్ధిగా ముట్టుకోలేదు.

వారం తిరిగేసరికి కళ్లు మండడం మొదలైంది. సాయంత్రానికల్లా తలనొప్పి. తెరమీద అక్షరాలు చీమలబారులా కనిపించేవి. గడ్డం పైకెత్తి, మెడ ముందుకు చాచి చదవవలసి వచ్చేది. డెబ్బై దాటినవాణ్ణి గనుక శుక్లం ముదిరిందని నాకు నేనే రోగనిర్ధారణ చేసుకుని నేత్రవైద్యురాలి దగ్గరకు వెళ్లాను. ఆమె ఓపికగా పరీక్షించి, "కళ్లద్దాల పవరు నిరుటిదే. శుక్లమూ పెరగలేదు. ఇంట్లో కొత్తగా ఏం మారింది?" అని అడిగారు. ఉద్యోగకాలమంతా నేను రోగులను అడిగిన ప్రశ్న అది. నన్ను నేను అడగడం మరచిపోయాను. మారినది కంప్యూటర్. పాత యంత్రంలో ఏనాడో బ్రౌజర్ అక్షరాలను పెద్దవి చేసుకుని, చేసుకున్న సంగతి కూడా మరచాను. కొత్త యంత్రానికి ఆ అమరిక రాలేదు. దోషం నా కంటిలో లేదు, కన్ను చూస్తున్న పేజీలో ఉంది.

ఈ చిన్న అనుభవం మీద ఇంత పెద్ద వ్యాసం ఎందుకంటారా? "వచ్చింది వచ్చినట్టే వాడండి" అనే సలహా ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ వినబడుతున్నది. ముఖ్యంగా పెద్దవారికి పిల్లలు చెబుతున్నారు, దుకాణదారులు చెబుతున్నారు. ఆ సలహా తప్పు. కొందరి విషయంలో ప్రమాదకరం కూడా. అందుకే రాస్తున్నాను.

‘డిఫాల్టు’ అనే మాటకు మనం సహజస్థితి అని అర్థం చెప్పుకుంటున్నాం. యంత్రం పుట్టుకతో అలాగే ఉంటుందని అనుకుంటున్నాం. కాదు. అది మన తరఫున మరెవరో ముందుగానే తీసుకున్న నిర్ణయం. మీ వయసు, మీ చూపు, మీ భాష, మీ జబ్బు, వీటిలో ఒక్కటీ అడగకుండా, మిమ్మల్ని ఎన్నడూ చూడనివారు రాసిన మందుచీటీ అది. అందులో కొన్ని మందులు మీకు మేలుచేసేవే. కొన్ని మీ ఒంటికి పడనివి. మరికొన్ని రాసినవారి లాభంకోసం రాసినవి. అటువంటి చీటీని చదవకుండా మింగమనే సలహాను నేను వైద్యుడిగా ఒప్పుకోలేను.

ముందే చేసిపెట్టిన నిర్ణయానికి ఎంత బలముంటుందో మా వైద్యరంగంలోనే ఒక ప్రసిద్ధ నిదర్శనం ఉంది. ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ అనే పరిశోధకులు 2003లో ‘సైన్స్’ పత్రికలో అవయవదానం గురించి ఒక వ్యాసం ప్రచురించారు. మరణానంతరం అవయవదానానికి సమ్మతించినట్టు లెక్కకు వచ్చేవారు జర్మనీలో సుమారు 12 శాతం. పొరుగునే ఉన్న ఆస్ట్రియాలో 99.98 శాతం. రెండు దేశాలదీ ఒకే భాష, దగ్గరి సంస్కృతి. ఆస్ట్రియా ప్రజలంతా దాతలు, జర్మనీ ప్రజలంతా లోభులు అని అర్థమా? కాదు. జర్మనీలో ఇష్టమున్నవారు ముందుకు వచ్చి చెప్పాలి. ఆస్ట్రియాలో ఇష్టంలేనివారు ముందుకు వచ్చి చెప్పాలి. రెండుచోట్లా అత్యధికులు ఏమీ చెప్పలేదు. ఏమీ చెప్పనివారి తరఫున డిఫాల్టు మాట్లాడింది.

మనిషిలోని ఈ ఉదాసీనత విలువ వ్యాపారులకు బాగా తెలుసు. బ్రౌజర్లలోను, ఫోన్లలోను తన సెర్చి ఇంజినే డిఫాల్టుగా ఉండడంకోసం గూగుల్ సంస్థ 2021 ఒక్క సంవత్సరంలోనే 2,630 కోట్ల డాలర్లు ఇతర సంస్థలకు చెల్లించింది. ఈ అంకె 2023లో అమెరికా న్యాయస్థానంలో విచారణ సందర్భంగా బయటపడింది. ఆ కేసులో న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టులో, గూగుల్ తన గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుందని తీర్పు చెప్పారు. వాడుకరి ఎప్పుడైనా మార్చుకోగల ఒక చిన్న అమరికకోసం ఇంత ధనం ఎవరైనా ఎందుకు ధారపోస్తారు? మార్చుకోగలిగినా మనం మార్చుకోమన్న నమ్మకంతోనే. "ముట్టుకోకండి" అనే ప్రతి హితవచనమూ ఆ నమ్మకానికి ఉచితంగా చేసే సేవ.

ఇప్పుడు దేహానికి సంబంధించిన సంగతులకు వస్తాను. మొదటిది కన్ను.

నలభై దాటిన తరువాత కంటిలోని కటకం సాగే గుణాన్ని క్రమంగా కోల్పోతుంది. అదే చత్వారం. అరవై దాటేసరికి ఆ కటకం పసుపు రంగుకు తిరుగుతుంది, కంటిపాప కుదించుకుపోతుంది, రెటీనాకు చేరే వెలుతురు తగ్గుతుంది. ఈ వయసులో అక్షరం పెద్దదిగా, నలుపు తెలుపుల తేడా స్పష్టంగా ఉండాలి. బ్రౌజర్లలో మామూలుగా వచ్చే అక్షర పరిమాణం 16 పిక్సెళ్లు. కొత్త తెరలలో పిక్సెళ్లు మరింత దగ్గరగా ఒదిగి ఉంటాయి కనుక, పాత తెరమీద కుదిరిన అంకెకే కొత్త తెరమీద అక్షరం మరీ చిన్నదిగా కనబడవచ్చు.

తెలుగు చదివేవారికి ఇబ్బంది రెట్టింపు. ఇంగ్లీషు అక్షరాలు ఒకే వరుసలో నడుస్తాయి. మన లిపిలో తలమీద గుడులు, పక్కన కొమ్ములు, కింద వత్తులు ఉంటాయి. అదే ఎత్తులో ఇన్నిటిని ఇరికించాలి. ద, ధ అక్షరాలకూ, డ, ఢ అక్షరాలకూ తేడా అడుగున ఉన్న ఒక చిన్న గీత. మ, వు అక్షరాలను చిన్న పరిమాణంలో వేరుపరచడం పడుచు కళ్లకే కష్టం. వార్తాపత్రికలో అయితే కథాసందర్భాన్నిబట్టి పోల్చుకుంటాం. మందుల వాడుకను గురించి చదివేటప్పుడు పోల్చుకోవడం చాలదు, చదవాలి.

చిన్న అక్షరాన్ని చదవడానికి మనిషి ముందుకు వంగుతాడు. రెండంచెల కళ్లద్దాలు పెట్టుకున్నవాడు కింది అద్దంలోంచి చూడడానికి గడ్డం పైకెత్తుతాడు. గంటసేపు ఆ భంగిమలో ఉంటే మెడ కండరాలు పట్టేస్తాయి. తదేకంగా చూస్తూ రెప్పవేయడం తగ్గిస్తాడు, కన్నీటిపొర ఆరిపోతుంది, కళ్లు మండుతాయి. అప్పుడు ఒకరు కంటిచుక్కలు కొంటారు, ఒకరు మెడకు ఎక్స్‌రే తీయించుకుంటారు, ఇంకొకరు "వయసైపోయింది" అని చదవడమే మానుకుంటారు. ఈ చివరిది అన్నిటికంటే పెద్ద నష్టం. ఒక పెద్దమనిషి చదువుకు దూరమైనప్పుడు ఆ నష్టాన్ని ఏ స్కానింగూ చూపించదు.

రెండవది అంతకంటే తీవ్రమైనది. అది మన తెర మూలలోంచి మాట్లాడే గొంతు.

నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి కొడుకు కొత్త ల్యాప్‌టాప్ కొనిపెట్టాడు. ఆయన ఏదో వార్త చదువుతుండగా ఒక చిన్న పెట్టె తెరుచుకుని, నోటిఫికేషన్లు పంపడానికి అనుమతి అడిగింది. కింద ‘అలౌ’, ‘బ్లాక్’ అని రెండు బటన్లు. అది తొలగితే తప్ప వార్త కనబడదనుకుని ఆయన మొదటిది నొక్కారు. నాటినుంచి రోజూ తెర కుడిమూల ఒక సందేశం. మధుమేహాన్ని శాశ్వతంగా తొలగించే కషాయమని, మాత్రలు మూత్రపిండాలను తినేస్తాయని. ఇరవై రోజులు చూసి, ఒకనాడు ఆయన మాత్రలు మానేశారు. అరికాలి పుండుతో నా దగ్గరకు వచ్చేసరికి చక్కెర 400 దాటి ఉంది. చదువుకున్నవారు, ప్రకటనలను ఇట్టే నమ్మే మనిషి కాదు. ఎలా నమ్మారని అడిగాను. "అది ప్రకటన కాదు డాక్టరు గారూ, కంప్యూటరే చెప్పింది" అన్నారు.

ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. ఆయన చెప్పినదాంట్లో ఒక సత్యం ఉంది. వెబ్‌సైట్ల నోటిఫికేషన్లు కంప్యూటర్ తన సొంత హెచ్చరికలు చూపించే మూలలోనే, ఇంచుమించు అదే రూపంలో వస్తాయి. ఛార్జింగు తగ్గిందని చెప్పే చోటే కషాయం అమ్మేవాడూ నిలబడి మాట్లాడతాడు. ఆసుపత్రిలో తెల్లకోటు వేసుకుని తిరిగే దళారిని రోగి వైద్యుడనుకుంటే ఆ తప్పు రోగిదా, కోటు తొడిగి లోపలికి పంపినవారిదా?

"మీ కంప్యూటర్‌లో వైరస్‌లు చేరాయి, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అనే మోసపు సందేశాలూ ఈ దారినే వస్తాయి. ఈ బెడద ఎంత ముదిరిందంటే, 2020 జనవరిలో ఫైర్‌ఫాక్స్ ఈ అనుమతి పెట్టె తనంతట తాను పైకి రాకుండా అణచిపెట్టింది. అదే ఏడాది క్రోమ్ కూడా చడీచప్పుడు లేకుండా అడిగే పద్ధతిని ప్రవేశపెట్టింది. అంటే తయారుచేసినవారికే దోషం తెలుసు. అయినా తలుపు పూర్తిగా మూయలేదు. ఆ పని మనకు వదిలిపెట్టారు.

మన దేశంలో 1954 నాటి ఔషధాలు, మాయచికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం ఉంది. మధుమేహం, క్యాన్సర్, శుక్లం వంటి జబ్బులను నయంచేస్తామని ప్రకటించడం ఆ చట్టం ప్రకారం నేరం. నోటిమాటతోగాని, కాంతి, ధ్వని, పొగల ద్వారాగాని చేసే ప్రకటనలను సైతం ఆనాడే ఆ చట్టపు నిర్వచనంలో చేర్చారు. డెబ్బై ఏళ్లనాడు పొగతో రాసే ప్రకటనను కూడా ఊహించిన శాసనకర్తల దూరదృష్టికి నమస్కరిస్తాను. కానీ చట్టం వచ్చి మన తెరమూలలో కాపలా కాయదు. ఆ కాపలా బ్రౌజర్ సెట్టింగులలో ఉంది.

మూడవది రహస్యం. రోగి జబ్బును అతని అనుమతి లేకుండా బంధువులకు కూడా చెప్పకూడదని వైద్యవిద్యార్థులకు బోధిస్తాం. ఒక పెద్దాయన ప్రోస్టేటు సమస్య గురించి ఒక పేజీ చదువుతాడు. మర్నాడు మనుమరాలు అదే కంప్యూటర్‌లో పాఠం చూస్తుంటే పక్కన ఆ జబ్బు ప్రకటనే వస్తుంది. దీనివెనుక ఉన్నవాటిలో ముఖ్యమైనవి థర్డ్ పార్టీ కుకీలు. మీరు తెరిచిన సైటువి కాక, అందులో తిష్ఠవేసిన ప్రకటన సంస్థలు మీ బ్రౌజర్‌లో వదిలే గుర్తులవి. ఒక సైటులో మిమ్మల్ని చూసినవాడు మరో సైటులో మిమ్మల్ని గుర్తుపట్టేది వాటి సాయంతోనే. ఆపిల్ వారి సఫారీ 2020 మార్చిలో వీటిని డిఫాల్టుగా పూర్తిగా అడ్డుకుంది. రెండేళ్లలో తొలగిస్తామని 2020 జనవరిలో చెప్పిన గూగుల్, వాయిదాలు వేస్తూ వచ్చి 2024 జులైలో ఆ ఆలోచనను విరమించుకుంది. ఒక సంస్థ ప్రధానంగా యంత్రాలు అమ్ముతుంది, మరొకటి ప్రధానంగా ప్రకటనలు అమ్ముతుంది. డిఫాల్టును నిర్ణయించేది మీ క్షేమమా, వారి ఆదాయమా అన్నది మీరే ఆలోచించండి.

నా మాటకు ఎదురయ్యే అభ్యంతరాలు నాకు తెలుసు. "ఇంజనీర్లకంటే మనకెక్కువ తెలుసా?" అంటారు. బ్రౌజర్ గురించి వారికే ఎక్కువ తెలుసు. మీ కన్ను గురించి మీకే ఎక్కువ తెలుసు. "మారిస్తే చెడిపోతుంది" అంటారు. అక్షరం పెద్దది చేస్తే ఏ యంత్రమూ చెడిపోదు. పైగా బ్రౌజర్ సెట్టింగులలోనే చాలా అమరికలను తిరిగి మొదటి స్థితికి తెచ్చే ‘రీసెట్’ సదుపాయం ఉంటుంది. నేను నలభై ఏళ్లు రాసిన మందులలో ఒక్కదానికీ అంత సులభమైన విరుగుడు లేదు. "ఈ వయసులో ఇవన్నీ నేర్చుకోవాలా?" అని మనమే అంటాం. ఇన్సులిన్ సూది స్వయంగా వేసుకోవడం అరవై దాటాక నేర్చుకున్నవారు ఎందరో ఉన్నారు. వారికంటే మనం తీసిపోయామా?

అయితే వైద్యుడు మందులు మార్చేటప్పుడు వేటిని ఆపకూడదో ముందు చెప్పాలి. బ్రౌజర్ తనంతట తాను నవీకరించుకునే ఏర్పాటును ఆపకండి. ప్రమాదకరమైన సైటులోకి వెళ్లబోతే హెచ్చరించే రక్షణను తొలగించకండి. ఈ రెండు డిఫాల్టులూ టీకాల వంటివి, మీ మేలుకే ఉన్నాయి. డిఫాల్టులన్నీ చెడ్డవని నేను అనడం లేదు. పరిశీలించనిదే ఏదీ మంచిదని ఒప్పుకోవద్దంటున్నాను.

ఇక మార్చవలసినవి. క్రోమ్‌లో కుడివైపు పైమూల ఉన్న మూడు చుక్కలు నొక్కి ‘సెట్టింగ్స్’ తెరవండి. ‘అప్పియరెన్స్’ అనే భాగంలో అక్షర పరిమాణం, పేజీ జూమ్ ఉంటాయి. జూమ్‌ను 125తో మొదలుపెట్టి, వీపు కుర్చీకి ఆనించి కూర్చున్నప్పుడు ద, ధ తేడా తెలిసేవరకు పెంచండి. అదే మీ మోతాదు. అక్కడే ‘కస్టమైజ్ ఫాంట్స్’లో అతిచిన్న అక్షరానికి ఒక కనీస పరిమాణం కూడా పెట్టవచ్చు. ఒక్క సైటుకు మాత్రం కావాలంటే కంట్రోల్ మీటతో ప్లస్ గుర్తును కలిపి నొక్కితే చాలు.

తరువాత ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’లోకి వెళ్లండి. ‘సైట్ సెట్టింగ్స్’లో నోటిఫికేషన్లను తెరిచి, సైట్లు వాటిని పంపకుండా ఉండే ఎంపికను ఎంచుకోండి. ఇదివరకే అనుమతి పొందిన సైట్ల జాబితా అక్కడే కనబడుతుంది. మీకు తెలియని ప్రతి పేరునూ తొలగించండి. థర్డ్ పార్టీ కుకీలను అడ్డుకునే ఎంపిక కూడా ఈ భాగంలోనే ఉంది. దానివల్ల ఎప్పుడైనా ఒక సైటు సరిగా పనిచేయకపోతే ఆ ఒక్కదానికి మినహాయింపు ఇవ్వవచ్చు. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో పేర్లు, చోట్లు కొంచెం వేరైనా ఈ ఎంపికలన్నీ ఉన్నాయి. కొత్త పుట తెరవగానే వార్తలు, ప్రకటనలు గుమ్మరించే బ్రౌజర్లలో వాటిని ఆపే వీలు సాధారణంగా ఆ పుటలోనే ఉంటుంది.

మరొక్క జాగ్రత్త. కొత్త కంప్యూటర్ అమర్చినవారు తమ ఖాతాతో బ్రౌజర్‌లో ప్రవేశించి, తీసివేయడం మరచిపోవచ్చు. పైమూల గుండ్రని గుర్తు నొక్కి అక్కడున్నది మీ పేరో కాదో చూడండి. పాత కంప్యూటర్‌ను ఎవరికైనా ఇచ్చేముందు అందులో దాచిన పాస్‌వర్డులు, చరిత్ర తొలగించి మీ ఖాతానుంచి బయటికి రండి. ఇప్పటికే ఏదైనా మోసపు నంబరుకు ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకున్నవారు సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. గుండెపోటులో మాదిరిగానే ఇక్కడ కూడా మొదటి గంట విలువైనది.

చివరగా పిల్లలకు ఒక మాట. తల్లిదండ్రులకు మీరు ప్రేమతోనే కంప్యూటర్ కొనిపెడుతున్నారు. కానీ పెట్టెవిప్పి బల్లమీద పెట్టడంతో ఇవ్వడం పూర్తికాదు. నాన్నగారికి చెప్పులు కొన్నప్పుడు తొడిగించి, నడిపించి, ఎక్కడైనా కరుస్తున్నాయా అని అడుగుతారు కదా? కంప్యూటర్‌కు కూడా అంత చేయండి. పక్కన కూర్చుని, ఒక తెలుగు పేజీ తెరిచి, "ఈ వాక్యం చదవండి" అనండి. ఆయన గడ్డం పైకెత్తితే అక్షరం పెంచండి. నోటిఫికేషన్లు మూసివేసి, ఎందుకు మూశారో చెప్పండి. అరగంట చాలు.

ఆ ఉపాధ్యాయుడి పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. కాలు దక్కింది. ల్యాప్‌టాప్‌లో ఆ అనుమతిని తొలగించడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషం మొదటి రోజే ఎవరైనా వెచ్చించి ఉంటే ఆ నాలుగు నెలలు ఆయనవి.

ఈ వ్యాసం ముగించగానే మరో పని పెట్టుకోకండి. మీరు చదువుతున్న ఈ బ్రౌజర్‌లోనే ఆ మూడు చుక్కలు నొక్కండి.